ఊడ్చిన దారి

ఆ విశ్వవిద్యాలయంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఏ దారిన పోతారో ఎలీసమ్మకు తెలిసినంతగా వైస్ ఛాన్సలర్‌గారికి కూడా తెలియదు. ఆయనకు ఆ అవసరమూ లేదు, కారులో వస్తాడు. ఎలీసమ్మ పంతొమ్మిదేళ్లుగా అక్కడ ఊడుస్తోంది. లైబ్రరీ మెట్ల పక్కన కానుగ చెట్టు కింద వేరుశెనక్కాయ తొక్కలు గుట్టగా కనపడితే పరీక్షలు దగ్గరపడ్డట్టు. ఆఫీసు వెనక అరుగు మీద రెండు టీ కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటే ఆ జంట ఇంకా కలిసే ఉన్నట్టు. అవి చెరో మూలా దొర్లుతుంటే ఆ పూటంతా ఆమెకు మనసు బాగుండదు, వాళ్లెవరో తెలియకపోయినా.

రిటైరైన మాస్టార్లు తెల్లారి తారురోడ్డు చుట్టూ తిరుగుతారు. పొరపాటున కూడా గడ్డిలో అడుగు పెట్టరు. పిల్లలు రోడ్డు మీద అడుగు పెట్టరు. ఇంజనీర్లు లక్షలు పోసి ఎక్కడ సిమెంటు దారి వేసినా, దాని పక్కనే మట్టిలో ఇంకో దారి పడుతుంది. మనుషులు తమకు కావలసిన దారిని కాళ్లతోనే వేసుకుంటారని ఎలీసమ్మ ఏనాడో గ్రహించింది. ఇంజనీర్లకు ఆ సంగతి తెలియడానికి మాత్రం చాలా చదువు కావాల్సి వచ్చింది.

వీటన్నిటిలో ఆమెకు సొంతమనిపించే దారి ఒకటుంది. తూర్పున సీయోనుపేట దగ్గర గోడ కూలిన చోట మొదలై, వేపచెట్ల మధ్యగా లైబ్రరీ వెనక నుంచి పోయి, పడమట వాచ్‌మన్ బుడాన్ కుర్చీ వేసుకుని కూర్చునే సందులోంచి హైవే మీద తేలుతుంది. హైవే దాటితే కాలవగట్టు, గట్టు కింద పేటవాళ్ల సమాధుల తోట. మిరప కోతల కాలంలో పొద్దున నాలుగున్నరకే పేట నుంచి అరవై డెబ్భైమంది ఆ దారిన పోయి హైవే మీద మేస్త్రీ ఆటోలు ఎక్కుతారు. మళ్లీ చీకటి పడే వేళకు అదే దారిన వస్తారు. మధ్యలో ఎవరూ నడవరు. ఇక పేటలో ఎవరు పోయినా వాళ్లను మోసుకెళ్లేదీ ఆ దారినే. ఆరేళ్ల కిందట ఎలీసమ్మ భర్త ప్రకాష్‌ని కూడా అలాగే మోసుకెళ్లారు.

ఆ దారిని ఊడవమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సూపర్‌వైజర్ మాలకొండయ్య రాసిచ్చిన కాగితంలో ఆమె వంతుకు లైబ్రరీ ముందు భాగం మాత్రమే ఉంది. కానీ ఆరేళ్లుగా ఆమె ఐదుంబావుకే వచ్చి, హాజరు వేయించుకోక ముందే ఆ దారిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఊడుస్తుంది. ప్రకాష్ పోయిన దారి మీద ఎండుటాకులు పడి ఉంటే, సొంత గుమ్మం ముందు చెత్త ఉన్నట్టు ఉంటుంది ఆమెకు. ఈ సంగతి మాలకొండయ్యకు తెలియదు. తెలిస్తే ఆ ఓపికేదో హాస్టల్ వెనక చూపించమనేవాడు.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఆవరణ చుట్టూ కంచె వేస్తారన్న మాట పుట్టింది. నెల తిరక్కుండానే గుంటలు తవ్వారు, స్తంభాలు పాతారు. ఇనుప వల ఒకటే తగిలించాలి. "బయటోళ్లు ఎక్కడబడితే అక్కడ దూరి వస్తన్నారంట. జనం నిజంగా నడిచే దారులకి గేట్లు పెడతారంట, మిగతావి మూసేస్తారంట. ఎవరో చదువుకునే అమ్మాయి వారంపాటు లెక్క చూసి పటం గీసిద్దంట," అని మాలకొండయ్య హాజరు పుస్తకం మూస్తూ చెప్పాడు.

ఎలీసమ్మకు ముందు తన దారే గుర్తొచ్చింది. ఆ దారి మూస్తే పేటవాళ్లు నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగి లారీల మధ్య హైవే మీద నడవాలి. కూలికి పోయేవాళ్లు గంట ముందు లేవాలి. చనిపోయినవాళ్లను బండిలో వేసుకుపోవాలి. ఆమె ఇంట్లో అత్త ప్రేమమ్మ మూడు నెలలుగా మంచం మీదుంది. ఎనభై దాటిన మనిషి. పైకి అనకపోయినా ఎలీసమ్మ భయం అదే.

లెక్కచూసే అమ్మాయి వస్తుందని విన్నాక తన చేతుల్లో ఉన్న పని ఆమె చేసింది. ఇదివరకు ఒకసారి ఊడ్చే దారిని రెండుసార్లు ఊడ్చింది. పంతొమ్మిదేళ్ల చీపురు ఆమెకు నేర్పింది అదే. చెత్త ఉన్న చోట ఇంకొంచెం చెత్త పడేస్తారు. శుభ్రంగా ఉన్న చోట ఉమ్మడానికి కూడా మనిషి కాస్త జంకుతాడు. దారి అద్దంలా ఉంటే, ఇది ఎవరో చూసుకుంటున్న దారి, దీన్ని మూయకూడదు అని ఆ అమ్మాయికి తోస్తుందనుకుంది.

సోమవారం పొద్దున దారి మధ్యలో, రెండు వేపచెట్ల నడుమ తెల్లటి ఇసుక పరుచుకుని ఉంది. సన్నటి ఇసుక, అక్కడక్కడ గవ్వ పెంకులు. మసక చీకట్లోనే చేత్తో తడిమి చూసి, ఇది సముద్రపు ఇసుకని కనిపెట్టింది. కాంట్రాక్టరు స్తంభాలను ఉప్పు ఇసుకతో పాతుతున్నాడు కాబోలు, బండిలోంచి చిందింది. ఈ లెక్కన ఏడాది తిరక్కుండా పడిపోతాయని లోపల్లోపల కాస్త సంతోషించింది కూడా. ఇసుకంతా ఊడ్చి గంపకెత్తి చెట్టు మొదట్లో పోసింది. మంగళవారం మళ్లీ చిందింది. బుధవారం కూడా. కాంట్రాక్టరును మనసారా తిట్టుకుంటూ రోజూ ఎత్తిపోసింది.

గురువారం పదిగంటలప్పుడు లైబ్రరీ మెట్లు ఊడుస్తుంటే ఒకమ్మాయి పెద్ద కాగితం పరుచుకుని కూర్చుని ఉంది. కాగితం నిండా రంగురంగుల గీతలు, పడుగూ పేకలా అడ్డంగా నిలువుగా.

"కాళ్లు కొంచెం తియ్యమ్మా," అంది ఎలీసమ్మ.

అమ్మాయి కాళ్లు తీసి, తలెత్తి నవ్వింది. ఆమె పేరు భానుశ్రీ. చీరాల నేతవాళ్ల పిల్ల, ఇక్కడ ప్లానింగు చదువుతోంది. "ఆంటీ, మీరిక్కడ చాలా ఏళ్లుగా ఉన్నారు కదా. ఈ లైబ్రరీ వెనక దారిలో అసలు ఎవరైనా నడుస్తారా?"

"నడవకపోవడమేంది? పేటంతా నడుస్తది."

"మరి మాకు ఒక్కరూ కనపడలేదే. పగలు తొమ్మిది నుంచి అయిదుదాకా మనుషుల్ని కూర్చోబెట్టాను. రాత్రిపూట నడిచేవాళ్లు తెలియాలని రోజూ రాత్రి ఎనిమిదింటికి అన్ని దారుల్లోనూ ఇసుక పరిపిస్తున్నాను. మా అన్నయ్య వాడరేవు సముద్రపు ఒడ్డు నుంచి బస్తాల్లో తెచ్చాడు. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి అడుగులు లెక్కపెడతాం. మిగతా చోట్ల బాగానే పడుతున్నాయి. అక్కడ మాత్రం ఇసుకే ఉండట్లేదు. నేల మీదా అడుగుల్లేవు, గీతలు గీతలుగా ఉంటోంది. గాలికి అలా అవుతుందేమో అనుకున్నాం."

ఎలీసమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

"అది గాలి కాదమ్మా," అంది. "ఆ గీతలు నా చీపురువి."

భానుశ్రీ ఆమెకేసి చూసింది. ఇసుక ఊడవొద్దని ఎస్టేట్ ఆఫీసులో ముందే చెప్పి ఉంచింది. ఆఫీసువాళ్లు మాలకొండయ్యకు చెప్పారు. మాలకొండయ్య ఏ దారి ఎవరి వంతుకు ఉందో వాళ్లకు చెప్పాడు. ఎలీసమ్మ వంతులో దారులే లేవు, ఈ దారి ఎవరి వంతులోనూ లేదు కాబట్టి ఆమెకు చెప్పలేదు. ఇందులో ఎవరినని తప్పుపట్టాలి? ఎలీసమ్మ మాత్రం తప్పు వేరేవాళ్లలో వెతుక్కోలేదు. డెబ్భైమంది అడుగుల్ని రోజూ తెల్లారకుండా తన చేత్తోనే తుడిచేసిందని, పేట నోట్లో తనే మన్నుకొట్టిందని తనను తానే తిట్టుకుంది.

"ఇంకా రెండు పొద్దులున్నాయి ఆంటీ," అంది భానుశ్రీ. "రేపూ ఎల్లుండీ. శనివారం మధ్యాహ్నానికి పటం ఇంజనీర్ ఉదయ్ కుమార్ సార్‌కి ఇచ్చెయ్యాలి. మీరు ఊడవకండి, చాలు."

"ఊడవను. రేపు పొద్దున రామ్మా, ఇసుక కనపడదు, అడుగులే కనపడతాయి నీకు. నా మాట నమ్ము."

సాయంత్రం ఇంటికెళ్లి అత్తకు జావ తాగిస్తూ అంతా చెప్పింది. ప్రేమమ్మ కళ్లు మూసుకునే వింది. ఆమెకు ఇందులో తప్పేమిటో అర్థంకాలేదు. "ఊడవడం తప్పెట్టా అయిద్దే?" అంది. అక్కడినుంచి తనకు బాగా తెలిసిన కథలోకి వెళ్లిపోయింది. "నేను కాపరానికొచ్చేటప్పటికి అదంతా పత్తిచేను. చెట్టు కొట్టేశాక మోళ్లుండేయి, కాల్లో దిగితే పైకొచ్చేవి. శవం పెట్టె మోసేవోళ్లు కింద చూసుకోలేరు గదా. అందుకని ముందు మేమంతా నడిచేవోళ్లం, ఆడా మగా పిల్లా జెల్లా. మోళ్లు తొక్కి దారి మెత్తజేస్తే, అందరికంటే ఎనకమాల పెట్టె వచ్చేది. అట్టా పడ్డ దారి అది. అందులో నా కాళ్లెన్నున్నయ్యో."

సీయోనుపేటలో ఇప్పటికీ అంతే, పెట్టె చిట్టచివర వస్తుంది. పక్క ఊళ్లవాళ్లు చూసి నవ్వుతారు, చనిపోయిన మనిషిని వెనక వదిలేసి పోతున్నారని. మోళ్లు పోయి యాభయ్యేళ్లు దాటినా పేట ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఆ కథే ప్రేమమ్మ ఆఖరి మాట. శుక్రవారం కోడికూతకు ముందే ఊపిరి ఆగిపోయింది.

ఎలీసమ్మ అత్త కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. అది ఉత్త ఏడుపు కాదు. ఇరవైతొమ్మిదేళ్లు ఒకే పొయ్యి దగ్గర పొగ పీల్చుకున్న మనుషులు. ప్రకాష్ పోయినప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నారు. కానీ ఆ ఏడుపు మధ్యలోనే, వద్దనుకున్నా ఇంకో సంగతి ఆమెకు తట్టింది. పేటలో శవం ఉంటే ఎవరూ కూలికి పోరు. ఈ పొద్దు ఆ దారిలో ఎవరూ నడవరు. ఊడవని ఇసుక మీద కూడా ఒక్క అడుగుండదు. ఎనిమిదింటికి భానుశ్రీ వచ్చి చూసి, ఎలీసమ్మ అబద్ధాలకోరు అనుకుని సున్నా వేసుకుపోతుంది.

ఆడబిడ్డ నెల్లూరు నుంచి రావాలి కాబట్టి సమాధి కార్యక్రమం శనివారం పొద్దున పెట్టుకున్నారు. మధ్యాహ్నం ప్రేమమ్మ రెండో కొడుకు బెన్నీ వచ్చాడు. గుంటూరులో మిరపకాయల లారీ తోలుతాడు. తల్లిని చూసి గోడకు తల ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"అద్దాల వ్యాను మాట్లాడాను వదినా," అన్నాడు తర్వాత. "రేపు పొద్దున ఏడింటికల్లా వచ్చుద్ది. హైవే మీదగా పోదాం."

"వ్యాను వద్దు బెన్నీ. భుజాల మీద తీసుకుపోదాం. మన దారిన."

"స్తంభాలు పాతేశారు గదా వదినా. సెక్యూరిటీవోళ్లు అడ్డమొస్తే ఏం జేస్తాం? అమ్మని కిందకి దించి వాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకోవాలా? ఆమెనన్నా మర్యాదగా పంపిద్దాం."

అతను చెప్పినదాంట్లో న్యాయం ఉంది. అయినా ఎలీసమ్మ నోటికొచ్చింది అనేసింది.

"అత్త అడిగింది. నిన్న జావ తాగేటప్పుడు. నన్ను బండెక్కించొద్దే, మన దారినే తీసుకుపొమ్మని చెప్పింది."

బెన్నీ మొహం మారిపోయింది. బయటికెళ్లి ఫోను తీసి వ్యాను వద్దని చెప్పాడు. లోపల ఎలీసమ్మ తెల్లగుడ్డ కప్పిన మొహంకేసి చూడలేక తల తిప్పుకుంది. పుట్టి బుద్ధెరిగాక చిన్నాచితకా అబద్ధాలు ఆడకపోలేదు. ప్రాణం పోయిన మనిషి నోట్లో మాట పెట్టడం మాత్రం ఇదే మొదలు. అత్త మీద ప్రేమతో అన్నానా, ఇసుక మీద అడుగుల కోసం అన్నానా అని తనను తాను అడుక్కుంది. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో విడదీయడం ఆమె వల్ల కాలేదు.

శనివారం ఏడున్నరకు పేట కదిలింది. ఎండ ఇంకా ఎక్కలేదు. పేట వెనక కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు పాట పాడేవాళ్లు మధ్యమధ్య దగ్గుతున్నారు. ముందు పాస్టరు ఫిలిప్‌గారు, ఆయన వెనక కంజరలు పట్టుకున్న యువజనులు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. చిట్టచివర ప్రేమమ్మ. ముందు కుడి భుజం బెన్నీది. ఎలీసమ్మ పాస్టరుగారికంటే కూడా ముందు నడిచింది. ఎవరైనా ఆపితే తనే మాట్లాడాలి, తన ఉద్యోగం పోతే పోనీ.

గోడ కూలిన చోట రెండు స్తంభాల మధ్య నుంచి లోపలికొచ్చారు. రోడ్డు మీద నడుస్తున్న మాస్టార్లు ఆగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు విద్యార్థులు లేచి, చెవుల్లో పెట్టుకున్నవి తీసేశారు. ఎవరూ అడ్డం రాలేదు. పడమటి సందులో బుడాన్ తన కుర్చీని ఎత్తి పక్కన పెట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

వేపచెట్ల మధ్య ఇసుక తెల్లగా, ముట్టుకోనట్టు ఉంది. పరిచినప్పటి నుంచి దాని మీద ఎవరూ నడవలేదని చూడగానే తెలిసిపోయింది. ఎలీసమ్మ అక్కడ పక్కకు జరిగి నిలబడి మిగతావాళ్లను ముందుకు పోనిచ్చింది. పాట ఆమె నోట్లోనే ఉంది, చూపు మాత్రం నేల మీద ఉంది. ఉత్త కాళ్లు, అరిగిన చెప్పులు, ముందురోజు కొన్న బూట్లు, తల్లి చంకలోంచి జారి దిగిన పిల్లవాడి రెండు చిన్న పాదాలు. ఒకదాని మీద ఒకటి పడుతూ ఇసుక నిండిపోయింది. సిగ్గేసింది ఆమెకు. అత్త ఆఖరి ప్రయాణంలో కోడలు కాళ్లు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా, "అబద్ధమాడానత్తా, కోప్పడబాకు," అంది.

చివరగా పెట్టె వచ్చింది. బరువుకు బెన్నీ మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. నలుగురూ ఇసుక మీద మెల్లగా, జాగ్రత్తగా దాటారు. వాళ్ల వెనక ఎలీసమ్మ ఇసుక తొక్కకుండా అంచు పట్టుకుని గడ్డిలోంచి నడిచింది.

ప్రకాష్ పక్కనే ప్రేమమ్మను దించారు. తలా పిడికెడు నల్లమట్టి వేశారు. అందరూ కాలవ దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఎలీసమ్మ ఒక్కతే వెనక్కి వచ్చేసింది. ఇంట్లో పని గుర్తొచ్చి వెళ్లిందనుకున్నారు.

ఇసుక దగ్గర భానుశ్రీ గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో కాగితం, చేతిలో పెన్సిలు. ఎలీసమ్మను చూసి లేవబోయింది.

"బుడాన్ చెప్పాడు ఆంటీ, మీ అత్తగారని. నిన్న ఇక్కడ ఒక్క అడుగు కూడా లేకపోతే, మీరు నాతో ఎందుకలా అన్నారా అనుకున్నాను."

"శవం ఉంటే చేనికి పోరమ్మా మావాళ్లు."

"నాకు తెలియలేదు." పెన్సిలును వేళ్ల మధ్య తిప్పింది. "ఇవాళ రెండొందలకు పైనే ఉంటారు. కానీ ఇది మామూలు రోజు కాదంటారు సార్."

"మామూలు రోజులన్నీ నేనే ఊడ్చేశా గదమ్మా."

"మీరు ఊడ్చిన సంగతి కూడా రాస్తాను," అంది భానుశ్రీ. "ఇవాళ పటం ఇవ్వను. సోమవారం నుంచి నాలుగింటికి నేనే వచ్చి ఈ చెట్టు కింద కూర్చుంటాను. అప్పటిదాకా ఇక్కడ వల తగిలించొద్దని మా ప్రొఫెసర్‌గారితో ఇవాళే రాయిస్తాను. సోమవారం వస్తారు కదా మీవాళ్లు?"

"వస్తారు. ఎవరూ రాకపోతే తిండెట్టా?"

భానుశ్రీ మళ్లీ వంగి ఇసుకకేసి చూసింది. "ఇవి మాత్రం వేరుగా ఉన్నాయి ఆంటీ. అన్నిటికంటే ఆఖరున వెళ్లారు, వీటి మీద ఇంకెవరూ తొక్కలేదు. స్పష్టంగా నలుగురివి." కాగితం మీద నాలుగు అని వేసింది.

ఎలీసమ్మ ఆమె పక్కన కూర్చుంది. బెన్నీ మడమ పడ్డ చోట ఇసుక దాటి నల్లమట్టి దాకా దిగింది. అందులో వేలు పెట్టి లోతు చూసింది.

"నలుగురు కాదమ్మా, అయిదుగురు."

భానుశ్రీ అయిదో మనిషి అడుగుల కోసం ఇసుకంతా కళ్లతో వెతికింది.

"ఇక్కడ చూడు, ఎంత దిగిందో. బెన్నీ బక్కపీనుగ, వాడొక్కడే నడిస్తే ఇంత దిగదు. ఇందులో మా అత్త ఉంది." ఎలీసమ్మ వేలు ఇంకా ఆ గుంటలోనే ఉంది. "ఆమె అడక్కపోయినా అడిగిందని చెప్పి నేనే తీసుకొచ్చానమ్మా ఈ దారిన. ఆమెని లెక్కలో వదిలెయ్యబాకు."

భానుశ్రీ నాలుగు కొట్టేసి, పక్కన అయిదు వేసింది.